బీచ్ రోడ్డులో మత కరపత్రాలు పంచితే తప్పేంటి? ఆపే హక్కు ఎవరిది?

వాల్తేరు వాకర్ · ఆదివారం రాత్రి 8:40

పొద్దున ఆర్కే బీచ్‌లో చూసింది ఇంకా మనసులో మెదులుతోంది. అందుకే ఇక్కడ పెడుతున్నా.

కాళీమాత గుడి దాటాక ఇద్దరు ఆడవాళ్ళు వాకింగ్‌కి వచ్చినవాళ్ళకి కరపత్రాలు పంచుతున్నారు. నాకూ ఒకటిచ్చారు. పైన సూర్యోదయం బొమ్మ, లోపల బైబిల్ వాక్యాలు, వెనకాల ప్రార్థన వేళలు. మొత్తం చదివాను. ఎవరినీ ఒక్క మాట అన్నట్టు లేదు. ఈలోగా ఐదారుగురు కుర్రాళ్ళు వచ్చి వాళ్ళ చుట్టూ మూగారు. ఒకడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. ఇంకొకడు పెద్దావిడ చేతిసంచి లాక్కుని కాగితాలన్నీ ఇసుకలో గుమ్మరించి, మళ్ళీ ఆవిడ చేతే ఏరించాడు. "జై శ్రీరామ్ అనండి, వదిలేస్తాం" అన్నాడు. ఆవిడ అనలేదు. తల దించుకుని ఏరుకుంటూనే ఉంది.

కానిస్టేబుల్ వచ్చాడు. కుర్రాళ్ళని ఒక్క మాట అనలేదు. "ఎందుకమ్మా పొద్దున్నే గొడవ, ఇంటికెళ్ళండి" అని వీళ్ళిద్దరినీ ఆటో ఎక్కించేశాడు.

మా ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. ఆ కాగితంతో నాకు పని లేదు. అయినా అక్కడ నిలబడలేకపోయాను. ఇంటికొచ్చి ఫ్యామిలీ గ్రూపులో చెబితే మా బావగారు "మంచి పని చేశారు కుర్రాళ్ళు" అన్నారు. అదే గ్రూపులో మా మేనకోడలు ఒక స్వామీజీ ప్రవచనం మీద జోకేసి స్టేటస్ పెట్టిందని ఆయనే సాయంత్రం నుంచీ చిందులు తొక్కుతున్నారు. దానికి తోడు ఆ పిల్లకి తెలియని నంబరు నుంచి "నీ మీద కేసు పెడతాం" అని మెసేజ్ వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్.

మతం గురించి మాట్లాడే హక్కు ఎంతవరకు? నచ్చనివాడు ఏం చేయొచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి.

కంచరపాలెం కుర్రోడు · 8:51

ఈ థ్రెడ్ వంద దాటుద్ది. టీ పెట్టుకొచ్చి కూర్చున్నా.

సింహగిరి భక్తుడు · 9:20

సంచి లాక్కోవడం తప్పే. ముందే చెప్తున్నా, తర్వాత నా మాట మెలిక పెట్టకండి. అయితే కథ ఒకవైపు నుంచే చెప్పొద్దు.

మా అమ్మ ఒక పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు, ఏ ఆసుపత్రో అనవసరం, నేను మందులకి కిందకి దిగిన టైములో ఎవరో ఒకాయన మంచం దగ్గరికొచ్చాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానన్నాడు. వద్దంటే "మీరు మొక్కేది రాయికి, రాయి ఎక్కడైనా వింటుందా అమ్మా, అందుకే జ్వరం తగ్గట్లేదు" అన్నాడు. ఆక్సిజన్ పైపు పెట్టుకున్న మనిషి ఏం జవాబు చెప్తుంది? నేను పైకొచ్చేసరికి ఆవిడ ఏడుస్తోంది. నా కోపం అక్కణ్ణుంచి వచ్చింది. బీచ్‌లో కాగితం చూసినా ఆ మనిషే గుర్తొస్తాడు.

భావ ప్రకటనా స్వేచ్ఛ అని పాట పాడేవాళ్ళు దీనికి ఏం చెప్తారు?

కొబ్బరితోట జాన్ · 9:48

భక్తుడు గారూ, మీ అమ్మగారి దగ్గర ఆయన చేసింది ప్రచారం కాదు, దౌర్జన్యం. మా నాన్న సువార్త చెప్పేవారు. పూర్ణా మార్కెట్ దగ్గర డప్పు, చిన్న టేబుల్, బైబిల్, అంతే. సాయంత్రం అక్కడ నిలబడి చెప్పేవారు. కొందరు వినేవారు, కొందరు వెక్కిరించేవారు, ఒకాయన రోజూ వచ్చి వాదనేసుకునేవాడు. ఆయనకి మా నాన్నే టీ ఇప్పించేవారు. ఇళ్ళలోకి, ఆసుపత్రుల్లోకి పిలవకుండా వెళ్ళకూడదని నాన్నకి గట్టి పట్టింపు. "వద్దన్నవాడు లేచి వెళ్ళే దారి ఉండాలి" అనేవారు.

ఇప్పుడు మా వాళ్ళలోనూ యూట్యూబ్‌లో అవతలి దేవుళ్ళని హేళన చేసి వ్యూలు తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. అది చూస్తే నాకూ సిగ్గేస్తుంది. వాళ్ళ పాపం ఆ కాగితాలు ఏరుకున్నావిడ మీద వెయ్యకండి.

ఉక్కునగరం నాస్తికుడు · 9:55

జాన్ గారి నాన్నగారు ఎంత మంచివారైనా, ఆయన చెప్పింది నిజమని ఆధారం ఏముంది? భక్తుడు గారి రాయికైనా ఏముంది? రెండింటినీ హేళన చేసే హక్కు నాకుంది. హేళన అంటే ఎందుకు అంత ఉలుకు?

(ఇక్కడ ఒక వ్యాఖ్య తొలగించబడింది)

మోడరేటర్ · 10:04

ఒక మతం వాళ్ళందరినీ "తరిమి కొట్టాలి" అన్న పోస్టు తీసేశాను. పెట్టినాయన మెసేజ్‌లో "నా భావ ప్రకటనా స్వేచ్ఛ ఏదీ" అని అడుగుతున్నారు. 19వ అధికరణం ప్రభుత్వం చేతులు కట్టేయడానికి అండీ. నేను ప్రభుత్వాన్ని కాదు, జీతం కూడా లేదు.

నల్లకోటు · 10:31

మోడరేటర్ గారూ, మరీ అంత ధీమా వద్దు. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 19, 21 అధికరణాల హక్కులను (మాట్లాడే హక్కు, జీవించే హక్కు) ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయొచ్చని మెజారిటీతో చెప్పింది. అది ఎంతదాకా సాగుతుందో ఎవరికీ ఇంకా స్పష్టం కాలేదు కాబట్టి ప్రస్తుతానికి మీరు క్షేమం. ఆ పోస్టు తీసేయడం సరైన పనే.

అసలు విషయానికి వస్తా. రేపు కాజ్‌లిస్ట్‌లో నా కేసు లేదు గనక కొంచెం పొడుగ్గానే రాస్తున్నా.

19(1)(ఎ) మాట్లాడే హక్కు ఇస్తుంది, 19(2) హద్దులు చెప్తుంది. దేశ సమగ్రత, భద్రత, విదేశీ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. "నా మనసు నొచ్చుకుంది" అన్నది ఆ జాబితాలో లేదు. మతం విషయానికి విడిగా 25వ అధికరణం ఉంది. నమ్ముకోవచ్చు, ఆచరించవచ్చు, ప్రచారమూ చేసుకోవచ్చు. 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో ఈ ప్రచారం మీద పెద్ద వాదనే నడిచింది. తీసేయమన్నవాళ్ళున్నారు. చివరికి ఉంచారు. తర్వాత 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది. మన మతంలో ఏముందో పదిమందికి చెప్పుకోవచ్చు గానీ, ఎదుటివాణ్ణి మతం మార్చడం హక్కు కాదంది. ఒడిశాలో 1967 నుంచి దీని మీద చట్టం ఉంది. మన రాష్ట్రంలో అలాంటి సాధారణ చట్టం లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చినది తిరుమల లాంటి, ప్రభుత్వం ప్రకటించిన క్షేత్రాల్లో వేరే మత ప్రచారం ఆపడానికి. బీచ్ రోడ్డు దాని కిందకి రాదు.

కాబట్టి ఆ ఇద్దరు చేసిన నేరం ఏమీ లేదు. దారి అడ్డగించడం, బెదిరించడం మాత్రం నేరాలే, భారతీయ న్యాయ సంహితలో రెండూ ఉన్నాయి. జై శ్రీరామ్ అనమని ఒత్తిడి చేయడం గురించి వేరే చెప్పాలి. 1986లో కేరళ నుంచి ఒక కేసొచ్చింది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి నిలబడేవారు, పాడేవారు కాదు. బడిలోంచి పంపేశారు. సుప్రీంకోర్టు వాళ్ళని మళ్ళీ చేర్చుకోమంది. జాతీయగీతమే బలవంతంగా పాడించలేనప్పుడు బీచ్‌లో కుర్రాడెవడు నినాదం చేయించడానికి? ఆవిడ తల దించుకుని నోరు విప్పలేదు చూశారూ, రాజ్యాంగం ప్రకారం ఆవిడ హక్కును ఆవిడ వాడుకుంది.

ఇక భక్తుడు గారి అమ్మగారి సంగతి. జాన్ గారి నాన్నగారి మాటనే నేను గీటురాయిగా పట్టుకుంటా. వినేవాడికి వెళ్ళిపోయే వీలుందా? బీచ్‌లో ఉంది, కాగితం వద్దనొచ్చు, తీసుకుని పారేయొచ్చు. ఐసీయూలో లేదు. రోగి మంచం దగ్గర ఎవరు మాట్లాడొచ్చో నిర్ణయించే అధికారం ఆసుపత్రికి ఉంది, రోగికి అంతకన్నా ఎక్కువ ఉంది. అక్కడ గట్టిగా ఆపినా స్వేచ్ఛకి వచ్చిన లోటేం లేదు.

సింహగిరి భక్తుడు · 10:50

ఈ గీత నాకు సమ్మతమే. కానీ వీధుల్లో, యూట్యూబ్‌లో మా దేవుళ్ళని బూతులు తిడితే "నచ్చకపోతే వెళ్ళిపో" అంటారా? మొబైల్ తీస్తే అదే వస్తోంది. ఎక్కడికెళ్ళాలి?

రిటైర్డ్ హెడ్డు · 11:15

కానిస్టేబుల్‌ని అందరూ కలిసి ఆడిపోసుకుంటున్నారు, నాలుగు మాటలు నన్ను చెప్పనివ్వండి. పొద్దున బీచ్ డ్యూటీలో వాడొక్కడే ఉంటాడు. ఎదురుగా ఆరుగురు, చేతిలో ఫోను. వాళ్ళలో ఎవడు ఎవడి తాలూకో వాడికి తెలీదు. ఇద్దరు ఆడవాళ్ళని పంపేస్తే రెండు నిమిషాల్లో అయిపోద్ది. ఆ ఆరుగుర్ని పంపాలంటే స్టేషన్‌కి ఫోన్ చెయ్యాలి, బండి రావాలి, రేపు ఎవడో నాయకుడు ఫోన్ చేస్తే సమాధానం చెప్పుకోవాలి. నేనూ అదే చేశాను నా సర్వీసులో, చాలాసార్లు. ఎవరు మెత్తగా ఉంటే వాళ్ళని పంపుతాం. పై ఆఫీసరు "గొడవ అయ్యిందా లేదా" అని అడుగుతాడు గానీ "ఎవరి హక్కు పోయింది" అని అడగడు.

నల్లకోటు · 11:32

హెడ్డు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. సుప్రీంకోర్టు 1989లో తప్పన్నది సరిగ్గా దీన్నే. రిజర్వేషన్ల మీద తీసిన ఒక తమిళ సినిమా విషయంలో, ప్రదర్శిస్తే అల్లర్లవుతాయని ప్రభుత్వం అంది. కోర్టు ఒప్పుకోలేదు. ఊరేగింపులకీ బెదిరింపులకీ భయపడి మాటను నొక్కేస్తే బెదిరించినవాడికి లొంగిపోయినట్టే, గుంపును అదుపు చేయలేమని ప్రభుత్వం చేతులెత్తేయకూడదు, మాట్లాడేవాడికి రక్షణ ఇవ్వడం దాని బాధ్యత అంది. మాటకీ ప్రమాదానికీ సంబంధం తుపాకిమందు పీపాలో నిప్పురవ్వంత దగ్గరగా ఉంటేనే ఆపాలి అన్నది ఆ తీర్పులోదే.

తీర్పు ఢిల్లీలో ఉంటుంది, బీచ్‌లో లాఠీ మాత్రమే ఉంటుంది. అది నిజమే.

ఏయూ పాత బ్యాచ్ · సోమవారం ఉదయం 6:58

కరపత్రం అంటే అంత చిన్నచూపు చూడకండి. 1970 ఫిబ్రవరిలో ఇదే ఊళ్ళో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగాయి. అప్పుడు విశాఖ విద్యార్థులు ఒక కరపత్రం పంచారు. రచయితలూ, మీరు ఎవరి పక్షం అని అందులో నిలదీశారు. పెద్ద పెద్ద రచయితలకి కోపాలొచ్చాయి, సభలో గొడవలయ్యాయి. ఆ జూలై 4న హైదరాబాదులో విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టింది, శ్రీశ్రీ అధ్యక్షుడయ్యాడు. ఆ రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఆ రోజు ఎవరో వచ్చి కుర్రాళ్ళ చేతిలో కాగితాలు లాక్కుని ఉంటే తెలుగు సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయం వేరేలా ఉండేది.

ఇంకొకటి. 1950లో రొమేశ్ థాపర్ పత్రిక మా రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం నిషేధిస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికి మన విశాఖ మద్రాసు రాష్ట్రంలోదే. అంటే ఆ పత్రిక ఇక్కడి పాఠకుడికీ అందకుండా ఆపారన్నమాట. ఆ తీర్పు చూసి కంగారుపడే 1951లో రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి, 19(2)లో శాంతిభద్రతలు అన్న కారణం చేర్చారు. స్వేచ్ఛ వచ్చిన ఏడాదిన్నరకే కత్తిరింపు మొదలైంది. కాకపోతే ఆ ఆంక్షలు సహేతుకంగా ఉండాలన్న షరతు కూడా అప్పుడే వచ్చింది. మనల్ని కొంత కాపాడుతున్నది అదే.

కంచరపాలెం కుర్రోడు · 7:30

పాత బ్యాచ్ మాస్టారూ, మీరు ఏ బ్యాచ్?

ఏయూ పాత బ్యాచ్ · 7:34

వయసు అడక్కు నాయనా.

పాత పోస్టాఫీసు సలీం · 9:05

హార్బర్ దగ్గర మూడు కొండలు అందరికీ తెలిసినవే. రాస్ హిల్ మీద మరియమ్మ గుడి, పక్కన దర్గా, ఇంకో దాని మీద వేంకటేశ్వర స్వామి. టూరిస్టులకి చూపించి మత సామరస్యం అంటారు. బావుంది. కింద ఇళ్ళలో ఉండేవాళ్ళం మేము. మాకు సామరస్యం ఫోటోలో ఉండదు, ఊరేగింపు రోజున ఉంటుంది.

నిమజ్జనం ఊరేగింపు మా సందులోంచి వెళ్తే మాకు ఏ బాధా లేదు, చిన్నప్పుడు వెనకాలే పరిగెత్తినవాళ్ళమే. ఈ మధ్య కొందరు డీజే బండిని మసీదు ముందే ఆపుతున్నారు. అక్కడే ఆ ప్రత్యేకమైన పాట పెడతారు, సౌండ్ అక్కడే పెంచుతారు. పాటలో మా పేరు ఎత్తి సవాళ్ళుంటాయి. అదే పాట బీచ్‌లో పెట్టుకుంటే నేను వినను, అంతే. మా గుమ్మం ముందు ఆపితే నేనెక్కడికి పోను? లాయర్ గారు చెప్పిన గీటురాయి ఇక్కడా పనికొస్తుందా?

ఒకటి మాత్రం నాస్తికుడు గారికి. మా ప్రవక్తను ఎవరైనా తిడితే నాకు నొప్పి పుడుతుంది. దాన్ని ఉలుకు అనకండి. మా కుర్రాళ్ళకి నేను చెప్పేది ఒకటే. స్టేషన్‌కి కాగితం రాసి ఇవ్వండి, రోడ్డు మీదకి మాత్రం వెళ్ళొద్దు. ఆ కాగితం ఇచ్చే దారి కూడా మూసేస్తే వాడు రోడ్డు మీదకే వెళ్తాడు.

ఉక్కునగరం నాస్తికుడు · 9:40

సలీం గారూ, మీ నొప్పిని నేను ఎగతాళి చేయను. కానీ ఆ కాగితం దారే మా మెడకి చుట్టుకుంటోంది.

మనవాళ్ళ చరిత్ర చూడండి. వేమన విగ్రహాల మీద, తంతుల మీద అన్న మాటలు ఈ రోజు ఎవరైనా కొత్తగా తన పేరుతో ఫేస్‌బుక్‌లో పెడితే సాయంత్రానికి ఫిర్యాదు వెళ్తుంది. వీరేశలింగం గారు 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించినప్పుడు ఊళ్ళో ఎందరి మనోభావాలు దెబ్బతిన్నాయో! త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను తిరగేసి రాశారు, ఆయన్ని కవిరాజు అని సత్కరించింది తెలుగువాళ్ళే. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడకి మార్చారు. నాస్తికుడని ఉద్యోగాలు పోయాయి ఆయనకి. అయినా నోరు మూయలేదు. మతాన్ని లోపలి నుంచి గానీ బయటి నుంచి గానీ ఎవరూ కెలక్కుండా ఉండి ఉంటే సలీం గారి అమ్మాయికీ నా కూతురికీ ఈ రోజు చదువు ఎక్కడిది?

నేను మూఢనమ్మకాల మీద ఊళ్ళల్లో ప్రదర్శనలిస్తుంటా. కొబ్బరికాయలోంచి మంట తెప్పించి, అది రసాయనమని చూపిస్తా. మూడు మతాల వాళ్ళూ నన్ను బెదిరించారు. ఈ ఒక్క విషయంలో మత సామరస్యం బ్రహ్మాండంగా ఉంది. అందుకే అంటున్నా, మత మనోభావాలు దెబ్బతీశారని కేసు పెట్టే సెక్షన్, పాత ఐపీసీలో 295ఎ, ఇప్పటి న్యాయ సంహితలో 299, అది పుస్తకంలోంచి పోవాలి.

మధురవాడ సుజాత · 10:12

మీరంతా రాజ్యాంగం మాట్లాడుతున్నారు, మా అబ్బాయికి ఇంటర్ పరీక్షలు. ఎదురు వీధిలో ఒక మైకు తెల్లారగట్ల ఐదింటికి సుప్రభాతంతో మొదలవుతుంది. వెనక వీధిలో ఒక షెడ్డులో శుక్రవారం రాత్రి మొదలైన ఉపవాస ప్రార్థన పన్నెండు దాటుతుంది. ఇద్దరికీ చెప్పి చూశాను. మొదటివాళ్ళు "మీరు హిందువు కాదా" అన్నారు, రెండోవాళ్ళు "మీరు హిందువు కాబట్టి అంటున్నారు" అన్నారు. నేనెవర్ని అసలు?

కొబ్బరితోట జాన్ · 10:20

మేడమ్, ఆ షెడ్డువాళ్ళ తరఫున నేను సారీ చెప్పలేను గానీ, నవ్వు ఆపుకోలేకపోయాను.

నల్లకోటు · మధ్యాహ్నం 1:45 (కోర్టు క్యాంటీన్ నుంచి)

సుజాత గారిది ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా తేలిక కేసు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. ఇళ్ళుండే చోట పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. అదే ఏడాది చెన్నైలోని ఒక చర్చి మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, మైకులతో, డప్పులతో పక్కవాళ్ళ ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదంది. ఇది ఏ మతాన్నీ నొక్కేయడం కాదు. మాటను ఆపడం లేదు, ఆంప్లిఫయర్‌ని తగ్గిస్తున్నాం. మీ అబ్బాయి తన గదిలోంచి లేచి వెళ్ళిపోలేడు కదా, గీటురాయి ఇక్కడా అదే.

సలీం గారూ, మీదీ అంతే, ఇంకొంచెం బరువైనది. ఊరేగింపు దారి, ఆగే చోట్లు నియంత్రించే అధికారం 1861 పోలీసు చట్టం సెక్షన్ 30 నాటి నుంచీ పోలీసులకుంది. దాన్ని ధర్నాలు ఆపడానికి విరివిగా వాడతారు, మసీదు ముందు ఆగకుండా కదిలించడానికి మాత్రం మొహమాటపడతారు. రోడ్డు మీద సభ అసలే వద్దనడం వేరు. 2023 జనవరిలో మన రాష్ట్రంలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ తెచ్చిన జీవో 1ని ఆ మే నెలలో హైకోర్టు కొట్టేసింది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత సౌండుతో అని అడగొచ్చు. ఏం మాట్లాడతావ్ అని ముందే అడగడం మొదలుపెడితేనే చిక్కు. ఇక మనుషుల మీదకి ఉసిగొల్పే మాటలుంటే, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా పోలీసులే కేసు కట్టాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది.

ఇక 299. 1920ల్లో లాహోర్‌లో ఒక పుస్తకం మీద గొడవైంది. అప్పటికున్న చట్టంలో అది నేరం కాదని హైకోర్టు ప్రచురణకర్తను వదిలేసింది. ఆ అలజడిలో 1927లో తెల్లవాళ్ళు 295ఎ చేర్చారు. చట్టం వచ్చినా 1929లో ఆ ప్రచురణకర్తను పొడిచి చంపారు. సలీం గారు "కాగితం దారి ఉంటే రోడ్డెక్కరు" అన్నారు గానీ, అప్పుడు అలా జరగలేదు. అయితే 1957లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందంటూనే బిగించింది. కావాలని, దురుద్దేశంతో చేసిన తీవ్రమైన అవమానమే నేరం. పొరపాటునో, సరదాగానో అన్నది కాదు.

ఆచరణలో అసలు శిక్ష కోర్టు చుట్టూ తిరగడమే. ధోనీని విష్ణువులా చూపిస్తూ ఒక పత్రిక ముఖచిత్రం వేసింది, గుర్తుందా? మన అనంతపురం కోర్టులో కేసు పడింది, వారెంటు కూడా వెళ్ళింది. 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక దురుద్దేశం లేదని కొట్టేశారు. ధోనీకి లాయర్లుంటారు. వాకర్ గారి మేనకోడలికి?

వాల్తేరు వాకర్ · 4:10

అదే నా భయం. ఆ పిల్లకి డిగ్రీ ఫైనల్ ఇయర్. స్టేటస్‌లో ఏముందో చెప్తా: స్వామీజీ కారు దిగుతున్న ఫోటో, కింద "వైరాగ్యం ఈఎమ్ఐల్లో దొరుకును". అంతే. డిలీట్ చేయించేయమంటారు ఇంట్లో.

నల్లకోటు · 5:25

ఇది దేవుడి మీద కూడా కాదు, మనిషి మీద జోకు. 2025 మార్చిలో ఒక కవిత మీద పెట్టిన కేసును సుప్రీంకోర్టు కొట్టేస్తూ, మాట ప్రభావాన్ని దృఢమైన, ధైర్యమైన మనసున్నవాళ్ళ కొలతతో చూడాలి గానీ, ప్రతిదానికీ బెంబేలెత్తేవాళ్ళ కొలతతో కాదంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే ఇలాంటి ఆరోపణల్లో పోలీసులు వెంటనే ఎఫ్ఐఆర్ కట్టకుండా, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలుంది, దాన్ని వాడాలని కూడా చెప్పింది. నోటీసు వస్తే లాయర్‌తో వెళ్ళమనండి. ఈ సెక్షన్‌లో ప్రభుత్వ అనుమతి లేనిదే కోర్టు కేసును విచారణకు తీసుకోదు. బెదిరింపు మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచమనండి, అది వాళ్ళ మీద కేసు. స్టేటస్ ఎలాగూ 24 గంటల్లో పోయేదే, దాని స్క్రీన్‌షాట్ కూడా ఉంచండి. ఉన్నదానికన్నా ఎక్కువ రాసిందని రేపు ఎవరూ అనకుండా.

సింహగిరి భక్తుడు · 6:02

జోకు బావుంది, ఒప్పుకుంటా. ఆ స్వామీజీ ఎవరో నాకు అర్థమైంది కూడా. కానీ మా దేవుణ్ణి అన్నా ఇలాగే నవ్వమంటే నా వల్ల కాదు. నవ్వను. కేసు పెట్టను. చేతనైతే జవాబు రాస్తాను. ఇంతకన్నా నా దగ్గర ఆశించకండి. 299 మాత్రం ఉండాల్సిందే. అది లేకపోతే ఆసుపత్రిలో వాణ్ణి నేను ఏ సెక్షన్ కింద పట్టుకోవాలి?

ఉక్కునగరం నాస్తికుడు · 6:10

అక్కడ ఆస్పత్రి సెక్యూరిటీ చాలు, 299 ఎందుకు?

పాత పోస్టాఫీసు సలీం · 6:14

నేను భక్తుడు గారి పక్షం. సెక్షన్ ఉండాలి.

ఉక్కునగరం నాస్తికుడు · 6:15

చూశారా, నన్ను బెదిరించడంలోనే కాదు, ఇందులోనూ సామరస్యమే.

రిటైర్డ్ హెడ్డు · 6:40

వాకర్ గారూ, రేపు మళ్ళీ బీచ్‌లో అలాంటిది చూస్తే ఊరికే నిలబడకండి. 112కి కొట్టండి. కాల్ రికార్డయితే బండి పంపక తప్పదు. అక్కడున్న కానిస్టేబుల్‌కీ అది మేలే. "కంట్రోల్ రూమ్ నుంచి వచ్చింది, నేనేం చెయ్యను" అని కుర్రాళ్ళకి చెప్పుకోడానికి ఒక సాకు దొరుకుద్ది. మాకు కావాల్సింది చాలాసార్లు ఆ సాకే.

మధురవాడ సుజాత · 7:15

మైకు సంగతి ఇందాక స్టేషన్‌కి రాసిచ్చాను, రెండింటి మీదా ఒకే కాగితంలో. రైటర్ చదివి "రెండు మతాలూ పెట్టారా, మంచి పని చేశారమ్మా" అన్నాడు.

సింహగిరి భక్తుడు · 7:22

మా వీధి వినాయక కమిటీకి నేనే సెక్రటరీని. ఈసారి పదింటికి మైకు కట్టేయిస్తా, మసీదు సందులో బండి ఆగదు. సలీం గారూ, మాట. జాన్ గారూ, డిసెంబరులో మీవాళ్ళు కూడా పదికే ఆపాలి మరి.

కొబ్బరితోట జాన్ · 7:25

24 రాత్రి తప్ప!

సింహగిరి భక్తుడు · 7:26

దానికి పండగ మినహాయింపు ఉంటుందట కదా, ఏడాదికి 15 రోజులు. నేనూ చదివాను.

నల్లకోటు · 7:41

ఆ రోజులు ప్రకటించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, మీ కమిటీ కాదు. ఆ సడలింపు కూడా రాత్రి 12 దాకానే. ఆ తర్వాత తలుపులేసుకుని హాల్లోనే, బయటికి వినపడకుండా.

కొబ్బరితోట జాన్ · 7:44

మా క్వైర్‌ని మీరు వినలేదు, లాయర్ గారూ. తలుపులు ఆపలేవు.